కారునకును చేతిఫోనునకును నడుమ నెవరుండవలెను?

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారును చేతిఫోనులోని యాప్‌తో జతపఱచుటను గూర్చి మన పాఠశాల పత్రికయందు వ్రాయుట కొందఱికి వింతగా దోచవచ్చును. మన ఆవరణలోనికి వచ్చునవి సైకిళ్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు. అట్టి కారు వచ్చుట మిక్కిలి యరుదు. అయినను మన పూర్వవిద్యార్థులు పలువురు అమెరికాలోను ఇంగ్లండులోను కాపురములు చేయుచు ఇట్టి కార్లను కొనుచున్నారు. సెలవులకు వచ్చినప్పుడు ఇచ్చట అరుగుమీద కూర్చుండి, సముద్రముల కావల నున్న తమ కారులో ఎంత ఛార్జి మిగిలినదో ఫోనులో చూపుచున్నారు. పిల్లలు నోరు తెఱచి చూచుచున్నారు. అంతియే కాదు, మన పట్టణములలో తిరుగు విద్యుత్ స్కూటర్లలో ననేకము లిదే విధముగా ఫోనుతో ముడిపడి యున్నవి. కావున ఆ ముడి ఎట్లు పడుచున్నదో, దాని కొస యెవరి చేతిలో నున్నదో తెలిసికొనుట మనకు పనికివచ్చును. మా యభిప్రాయమును ముందే చెప్పెదము. యజమానుడును కారును తమలో తాము చేసికొనగల పనులలో మూడవవానిని నడుమ నిలుపుట తగదు.

ముందుగా ఆ కారును గూర్చి నాలుగు మాటలు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అనగా పెట్రోలు ఇంజనును, విద్యుత్ మోటారును రెండును గల కారు. సాధారణ హైబ్రిడ్‌కు గోడనుండి విద్యుత్తు నెక్కించుకొను వీలు లేదు, దీనికి కలదు. రాత్రి యింటివద్ద తీగ తగిలించినచో, మఱునాడు కొంత దూరము పెట్రోలు చుక్క కాలకుండ పోవును. ఆ మీదట ఇంజను అందుకొనును. మిత్సుబిషి కంపెనీవారు 2013లో జపానునందు అమ్మకమునకు తెచ్చిన అవుట్‌ల్యాండర్ కారును చూడుడు. దానిలో ముందు చక్రముల కొకటి, వెనుక చక్రముల కొకటి చొప్పున రెండు మోటార్లును, రెండు లీటర్ల పెట్రోలు ఇంజనును, 12 యూనిట్ల విద్యుత్తును పట్టు బ్యాటరీయు నుండెను. మన యింటి మీటరులో తిరుగు యూనిట్టే యీ యూనిట్టు. ఈ కారు 2014 నుండి బ్రిటనులో అమ్మబడి, అచ్చట ఆ తరగతి కార్లలో మిక్కిలి ప్రసిద్ధి గాంచెను.

బ్యాటరీ చిన్నది గనుక ఆ విద్యుత్తును పొదుపుగా వాడుకొనవలెను. యాప్ అక్కఱ యిక్కడనే పుట్టినది. బ్రిటనులో ఎకానమీ సెవెన్ అను పద్ధతి ననుసరించు ఇండ్లకు రాత్రి ఏడు గంటలసేపు విద్యుత్తు చౌకగా లభించును. సాయంకాలమున తీగ తగిలించి, ఛార్జి మాత్రము అర్ధరాత్రి దాటిన తరువాత మొదలగునట్లు చేయగలిగినచో డబ్బు మిగులును. చలిదేశములో తెల్లవాఱుజామున కారు లోపలి భాగమును ముందుగానే వెచ్చజేసికొన్నచో, అందులకు గోడలోని విద్యుత్తు ఖర్చగును గాని బ్యాటరీలోనిది తఱుగదు. అది దారిఖర్చునకు మిగులును. మన మేమాసపు ఎండలో చల్లజేసికొనుటకును ఇదే లెక్క. ఈ పనులను వంటయింటిలో కాఫీ కాచుకొనుచు ఫోనునుండి చేయగలుగుట సుఖమే. ఆ సుఖమును మేము తక్కువచేసి మాటలాడము.

ఇప్పుడు ముడి సంగతి. ఆ దినములలో తక్కిన కంపెనీలలో ననేకము ఫోనుమాటను ఇంటర్నెట్టు మార్గమున తమ సర్వరునకు రప్పించి, అచ్చటినుండి మొబైల్ రేడియో మార్గమున కారునకు పంపుచుండెను. మిత్సుబిషివా రట్లు చేయలేదు. కారులోనే ఒక వైఫై కేంద్రమును పెట్టిరి. ఆ కేంద్రమునకు ఒక పేరును ఒక రహస్యపదమును ఉండెను. రహస్యపదము కారుతో నిచ్చు కాగితముపై అచ్చువేయబడి యుండెను. యజమానుడు కారు సమీపమునకు పోయి, ఫోనును ఆ వైఫైలో చేర్చి, యాప్ తెఱచి, కారు గుర్తింపు సంఖ్యను నమోదు చేసికొనవలెను. అటుపిమ్మట ఫోనుమాట నేరుగా కారునకే పోవును. నెలసరి చందా లేదు. కంపెనీ సర్వరు లేదు. మీరు కారును ఎప్పుడు చల్లజేసికొంటిరో ఎక్కడను వ్రాసికొనువాడు లేడు.

ఇందులో చిక్కులును లేకపోలేదు. వైఫై అందునంత దూరమున నున్నప్పుడే యాప్ పనిచేయును. అదియు గాక, కారులోని వైఫైకి ఇంటర్నెట్టు లేదు గనుక, నేటి ఫోను దానిని పనికిమాలిన వైఫైగా నెంచి, అడుగకయే మొబైల్ డేటావైపు జాఱిపోవును. అప్పుడు యాప్ కారు కనబడలేదని చెప్పును. కారు చెడినదని యజమానుడు కంగారుపడును. ఫోను అమరికలలో ఆ వైఫైని విడువవద్దని చెప్పినచో సరిపోవును. ఇంత చిన్న సంగతిని తెలియజెప్పువారు లేక విసిగి యాప్‌నే తీసివేసినవారు కలరు.

అసలు దెబ్బ 2016 జూనులో తగిలినది. బ్రిటనులో పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అను సంస్థ కలదు. తాళములు గట్టివా కావా యని పరీక్షించి చెప్పుటయే వారి వృత్తి. వారొక అవుట్‌ల్యాండరును కొని పరీక్షించి, దాని వైఫై రహస్యపదము మిక్కిలి చిన్నదనియు, దాని అల్లిక మిక్కిలి సులభమనియు కనుగొనిరి. ఫోను కారుతో కలియునప్పుడు గాలిలో పోవు పలకరింపును పట్టుకొని, నాలుగు గ్రాఫిక్ కార్డులుగల యంత్రముపై నాలుగు దినములకు లోపుగనే ఆ పదమును రాబట్టవచ్చునని తేల్చిరి. అటుపైని వారు కారు దీపములను వెలిగించిరి. ఛార్జి వేళలను మార్చిరి. గాలియంత్రమును నడిపించి బ్యాటరీని ఖాళీచేయగలిగిరి. తుదకు దొంగతనము జరిగినప్పుడు మ్రోగవలసిన గంటను కూడ ఆపివేసిరి. పైపెచ్చు ఆ కార్ల వైఫై పేర్లన్నియు ఒకే మూసలో నుండుటచే, ఏ వీధిలో అట్టి కారున్నదో వైఫై పేర్లను పటములపై గుర్తించు వెబ్‌సైటులలో వెదకి పట్టుకొనుటకు వీలయ్యెను.

ఇచ్చట మన పై తరగతుల విద్యార్థుల కొక లెక్క. నాలుగంకెల తాళమునకు 10,000 కలయికలు మాత్రమే యుండును. నాలుగు చిన్న ఆంగ్లాక్షరములైనచో 4,56,976. పెద్ద చిన్న యక్షరములును అంకెలును కలిపి 62 గుర్తులలోనుండి ఏదో యొకటి చొప్పున 12 స్థానములలో నుంచినచో, వచ్చు కలయికల సంఖ్య మూడు ప్రక్కన ఇరువదియొక్క సున్నల కంటె నెక్కువ. మొదటి రెంటిని యంత్రము కనుఱెప్పపాటులో తిరుగవేయును. మూడవదానిని తిరుగవేయుటకు మనుష్యుని ఆయుష్షు చాలదు. తయారీదారుల ఖర్చు రెంటికిని ఒక్కటే. కాగితముపై మఱి కొన్ని యక్షరము లచ్చువేయుట కెంత సిరా పట్టును?

పరీక్షకులు తాత్కాలికమైన మందొకటి చెప్పిరి. యాప్‌లోనికి పోయి కారు నమోదును రద్దుచేయుడు. జతపడిన ఫోనులన్నియు విడిపోగానే కారులోని వైఫై కేంద్రము నిద్రపోవును. మరల దానిని లేపవలెనన్న తాళపుచెవి మీటను పదిసార్లు నొక్కవలెను. ఇది మాకు మిక్కిలి నచ్చిన సంగతి. ఏలయనగా ముడి విప్పు అధికారము ఆ కారు యజమానుని చేతిలోనే యుండెను. ఎవరికిని అర్జీ పెట్టనక్కఱలేక, ఏ కార్యాలయమునకును ఫోను చేయనక్కఱలేక, తన యింటి ముంగిట నిలిచి తానే విప్పుకొనగలిగెను.

ఈ కథ విన్నవారు పలువురు తీసికొను పాఠమును మే మంగీకరింపలేము. కారును ఫోనును నేరుగా మాటలాడనిచ్చుట ప్రమాదము గనుక అంతయు కంపెనీ సర్వరు ద్వారముననే జరుగవలెనని వారందురు. నేడు క్రొత్త కార్లలో మిక్కిలి భాగము అట్లే చేయబడుచున్నవి. తాళము బలహీనమైనచో బలమైన తాళము వేయవలెను గాని, ఇంటికి కావలివానిని పెట్టి, తాళపుచెవి వానికిచ్చి, మనము లోపలికి పోవుటకు ప్రతిసారి వానినే బ్రతిమాలుకొనుట యేమి న్యాయము? పైగా ఆ కావలివాడు జాగరూకుడని యైనను రూఢి యున్నదా? అవుట్‌ల్యాండరు సంగతి బయటపడుటకు నాలుగు నెలల ముందు, 2016 ఫిబ్రవరిలో, నిస్సాన్ లీఫ్ అను విద్యుత్ కారు యాప్‌ను గూర్చి ట్రాయ్ హంట్ అను ఆస్ట్రేలియా నిపుణుడు ఒక వార్త ప్రకటించెను. ఆ సర్వరు రహస్యపదమును అడుగనే యడుగదట. కారు గుర్తింపు సంఖ్య తెలిసిన చాలునట. ఆ సంఖ్య కారు ముందద్దము క్రింద ఎల్లవారికిని కనబడునదే! దూరదేశమునుండి ఇంకొకని కారులోని గాలియంత్రమును నడిపించుట వీలయ్యెను. కంపెనీవారు ఆ యాప్‌ను కొంతకాలము నిలిపివేసిరి. వైఫై తాళము చెడినచో ఒక వీధిలోని దొంగ వచ్చును. సర్వరు తాళము చెడినచో ప్రపంచమంతయు వచ్చును.

కావలివాడు ఉద్యోగము మానివేసినచో నేమగును? ఇదియు జరిగినది. అదే లీఫ్ కారునందు 2016 వఱకు తయారైనవి బ్రిటనులో ఫోనుతో మాటలాడుటకు రెండవ తరము మొబైల్ జాలముపై ఆధారపడి యుండెను. ఆ జాలము మూసివేయబడనున్నదని చెప్పి, కంపెనీవారు 2024 ఏప్రిల్ 1 నుండి ఆ కార్లకు యాప్ సేవను ముగించిరి. కారు బాగుగనే యున్నది, బ్యాటరీ బాగుగనే యున్నది, ఫోను బాగుగనే యున్నది. నడుమనున్నది మాత్రము పోయినది. అమెరికాలో 2022లో మూడవ తరము జాలము ఆగిపోయినప్పుడును అనేకమైన పాత కార్ల కిదే గతి పట్టినది. అయితే లీఫ్ విషయములో ఒక మేలు కలదు: ఛార్జి వేళలను కారులోని తెరమీదనే నిర్ణయించుకొను ఏర్పాటు మొదటినుండియు నుండెను గనుక యజమానులు బొత్తిగా నిరాధారులు కాలేదు. ఆ ఏర్పాటును ఆలోచించిన ఇంజనీరు ఎవరో గాని, మా తరగతిలోని విద్యార్థి యైనచో ఆతనికి పూర్తి మార్కులు వేసి యుందుము.

ఇక వ్రాసికొనుట మాట. సర్వరు గుండ పోవు ప్రతి యాజ్ఞయు ఒక పుస్తకములో పడును. కారు ఎక్కడ నిలిచినది, ఎప్పుడు కదలినది, ఎంత వేగమున పోయినది, ఎక్కడ గట్టిగా బ్రేకు వేసినది, సమస్తమును పడును. టొయోటావారు జపానులో సుమారు 21.5 లక్షల వాహనముల సమాచారము, అవి యున్న తావులతో సహా, అమరికలోని పొరపాటు వలన దాదాపు పదియేండ్లు బయటివారికి అందుబాటులో నుండినదని 2023 మే నెలలో ప్రకటించిరి. 2024 డిసెంబరులో ఫోక్స్‌వాగన్ సంస్థకు చెందిన సుమారు 8 లక్షల విద్యుత్ కార్ల సమాచారమును గూర్చి జర్మనీలో ఇట్టి వార్తయే వచ్చెను. ఇవి యజాగ్రత్త వలన జరిగినవి. ఎఱిగి చేసినదియు నొకటి కలదు. డ్రైవర్లు ఉన్న తావుల వివరములను, వారు బండి నడుపు తీరు వివరములను స్పష్టమైన సమ్మతి లేక సేకరించి యితరులకు అమ్మినారని జనరల్ మోటార్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2025 జనవరిలో అభియోగము మోపెను. అట్టి వివరములను వినియోగదారుల చరిత్రలు తయారుచేయు సంస్థలకు ఐదేండ్లు ఇవ్వరాదని కంపెనీ యొప్పుకొనవలసి వచ్చెను. ఆ చరిత్రలను చూచి బీమా కంపెనీలు చందాలను పెంచుచుండె నను ఫిర్యాదులు అంతకుముందే పత్రికల కెక్కినవి.

ఇంకొక విషయమును ఎట్లు చెప్పవలెనా యని మేము కొంతసేపు ఆలోచించితిమి. ఇది పిల్లలు చదువు పత్రిక. అయినను ఈ పత్రికను ఇంటిలో తల్లులును చదువుదురు గనుక చెప్పుచున్నాము. సంసారములన్నియు శాంతిగా నుండవు. భర్త చేతి దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచిన స్త్రీ కారులో పోయినప్పుడు, ఆ కారు ఖాతా భర్త పేర నున్నచో, ఆమె యే బంధువుల యింట తలదాచుకొన్నదో ఆతని ఫోను చూపించును. అమెరికాలో ఇట్టి స్త్రీలు తన జాడ తెలియకుండ చేయుమని కార్ల కంపెనీలను వేడుకొన్నను, ఖాతా నీ పేర లేదని వారు త్రోసిపుచ్చిన ఉదంతములు 2023లో పత్రికలలో వచ్చినవి. అందుచేత కాలిఫోర్నియా రాష్ట్రములో 2024 సెప్టెంబరున ఒక చట్టము చేయబడినది. బాధితురాలు ఋజువు చూపి అడిగినచో కంపెనీ ఆ రెండవవాని అధికారమును తెంచవలెను. చట్టము మంచిదే. కాని తాళపుచెవి మీటను పదిసార్లు నొక్కినంత మాత్రమున మేల్కొను కారును, సర్వనమోదులును రద్దుచేయగానే నిద్రపోవు కారును తలచుకొనుడు. ప్రాణభయముతో నున్న స్త్రీ కంపెనీకి విన్నపము వ్రాసికొని జవాబునకు ఎదురుచూచుట మేలా, తానున్నచోటనే ముడి విప్పుకొనుట మేలా?

దూరమునుండి కారును చూచుకొను సౌకర్యము సర్వరు లేనిదే రాదు గదా యని మా సహోపాధ్యాయులలో నొకరు అడిగిరి. నిజమే. కారు దొంగిలింపబడినప్పుడు అది యెక్కడ నున్నదో తెలియుటయు పెద్ద మేలే. కావలెనన్నవారు ఆ సేవను వేఱుగా కోరి తీసికొనవచ్చును. మేము వలదనుట లేదు. మేము వలదనునది రెంటిని కలిపి కట్టుట. నాలుగడుగుల దూరములో నిలిచియున్న కారునకు రాత్రి రెండు గంటలకు ఛార్జి మొదలుపెట్టుమని చెప్పుటకు, మాట సముద్రములు దాటి పోయి రావలసిన పని లేదు. అత్యవసరమైన దానిని సౌకర్యమునుండి వేఱుచేయుట సాధ్యమని ఐరోపావారు చేసి చూపించిరి. అచ్చట 2018 మార్చి 31 తరువాత ఆమోదము పొందు క్రొత్త నమూనా కార్లలో ఈకాల్ అను పరికర ముండవలెను. పెద్ద ప్రమాదము జరిగినప్పుడు అది తానే 112 సంఖ్యకు ఫోను చేసి, కారున్న తావును తెలుపును. తక్కిన వేళలలో కారు జాడను వెంబడింపకూడదని చట్టమే విధించినది. అక్కఱ లేనప్పుడు నోరెత్తని సేవకుడు దొఱకునని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకై 2023 ఆగస్టులో చట్టము వచ్చినది. దాని నియమములు దశలవారీగా అమలగునట్లు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. తన సమాచారమును తుడిచివేయుమని కోరు హక్కు దీనివలన మనుష్యునికి లభించును. తల్లిదండ్రులు ఈ హక్కు నెఱిగియుండుట యవసరము. ఐనను వ్రాయబడినదానిని తుడిపించుకొనుట కంటె వ్రాయబడకుండుటయే సులభమైన మార్గమని మేము తలంతుము.

డల్లసు సమీపమున నున్న మన పూర్వవిద్యార్థి యొకడు ఇటీవల పాత ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారును కొని, దానిని తన ఫోనుతో జతపఱచబోగా, ఆ కారు వేఱొకరి ఖాతాలో నున్నదని యాప్ చెప్పెనట. డబ్బు చెల్లించినాడు, పత్రములు తన పేర నున్నవి, తాళపుచెవులు రెండును తన జేబులో నున్నవి. అయినను కంపెనీ పుస్తకములో కారు పాత యజమానునిదే. ఆ పాత యజమానుడు కోరినచో ఇప్పటికిని ఈతని కారు తలుపులు తెఱవగలడు. ఇది ఈతని కొక్కనికే వచ్చిన చిక్కు కాదు. ఐబీఎం సంస్థలోని భద్రతా నిపుణుడు చార్లెస్ హెండర్సన్ 2017లోనే, తాను ఏనాడో అమ్మివేసిన కారు ఇంకను తన ఫోనులో కనబడుచున్నదని సభలో చెప్పెను. మన విద్యార్థికి ఆ ముడి వదలించుకొనుటకు మూడు వారములు పట్టినది.

కావున పాత కారునైనను స్కూటరునైనను కొనువారు డబ్బు చెల్లింపకముందే అమ్మువానిని ఎదుట నిలిపి, ఆతని ఫోనులోని ఖాతానుండి బండిని తీయించవలెను. పిదప బండి తెరమీద జతపడిన ఫోనుల జాబితాను తెఱచి ఒక్కొక్కటిగా తుడిపించవలెను. అమ్మువారును ఇట్లే చేసి, దారులు, ఇంటి చిరునామా, ఫోను పుస్తకము మొదలగువానిని చెఱిపి ఇయ్యవలెను. క్రొత్త బండి కొనువారు దుకాణములో రంగును మైలేజీని అడిగిన తరువాత ఈ ప్రశ్నను కూడ అడుగవలెను: యాప్ లేకుండ, ఇంటర్నెట్టు లేకుండ, దీని ఛార్జి వేళను నేను మార్చుకొనగలనా? అమ్మువానికి తెలియనిచో పుస్తకము తెఱచి చూపించుమని కోరుడు. ఇట్లడుగువారు నూర్గురైనప్పుడు ఆ మాట తయారుచేయువారి చెవిని పడును.

ఈ సంవత్సరము పదవ తరగతివారికి విద్యుత్తు పాఠము ముగిసిన తరువాత, రహస్యపదముల కలయికల లెక్కను నల్లబల్లపై చేయించుటకు మా విజ్ఞానశాస్త్ర, గణితశాస్త్ర ఉపాధ్యాయులు ఏర్పాటు చేయుచున్నారు. విదేశములలో నుండి ఈ పత్రికను తెప్పించుకొను పూర్వవిద్యార్థుల కొక మనవి. మీ కారు ఏ సంవత్సరపుదో, ఫోనుతో ఏ మార్గమున జతపడినదో, యాప్ లేకుండ ఛార్జి వేళను కారులోనే మార్చుటకు వీలున్నదో లేదో ఒక కార్డు ముక్కపై వ్రాసి పంపుడు. కారు సంఖ్యను గాని చిరునామాను గాని వ్రాయనక్కఱలేదు. వచ్చినవానిని వచ్చే సంచికలో పట్టికగా అచ్చువేయించెదము.